యజమానులను వేరుగా, సంఘాలను వేరుగా అడగాలి

సంపాదకులకు నమస్కారం.

చిన్న అడవుల యజమానులకు, వాళ్ల సంఘాలకు అందే సాయం మెరుగుపడాలంటే ముందు వాళ్లనే అడిగి తెలుసుకోవాలన్న ఆలోచన సరైనదే. అయితే ఇలాంటి సర్వేలు ఎక్కువగా ఒకే చోట దెబ్బతింటాయి. ప్రశ్నావళి తయారుచేసి సంఘం కార్యాలయానికి పంపుతారు, సభ్యులతో నింపించి తిరిగి పంపమంటారు. ఖర్చు తక్కువ, పని తొందరగా అవుతుంది. కానీ అలా వచ్చేది సమావేశాలకు వచ్చేవాళ్ల మాట, రుసుము కట్టేవాళ్ల మాట. సంఘంలో చేరనివాళ్లు, చేరి మానుకున్నవాళ్లు, అడవి ఒకచోట ఉండి తాము మరోచోట బతుకుతున్నవాళ్లు అందులో కనబడరు. సాయం అందనిది ముఖ్యంగా వాళ్లకే. అందుకే యజమానుల సర్వే ఒకటి, సంఘాల సర్వే మరొకటిగా, వేర్వేరు జాబితాలతో, వేర్వేరు ప్రశ్నలతో జరగాలని గట్టిగా కోరుతున్నాం.

రెండింటి అవసరాలూ ఒకటి కావు. సంఘానికి కావలసింది గుమాస్తా జీతం, దుంగలు మోసే వాహనం, సభ్యుల కలప కొని అది అమ్ముడుపోయేదాకా నిలబడేందుకు పెట్టుబడి. యజమానికి కావలసింది హద్దు తగాదా తీరడం, కొలతలో మోసం లేకపోవడం, ఇంట్లో డబ్బు అవసరం పడ్డప్పుడు ఎదగని చెట్లు కొట్టుకోకుండా గడిచే దారి. ఈ రెండు గొంతులనూ ఒకే కాగితం మీద కలిపేస్తే పెద్దగా వినబడేది సంఘం గొంతే.

యజమానుల జాబితా దగ్గరే చాలా తప్పులు పుడతాయి. భూమి రికార్డుల్లో ఉండేవి కమతాలు, మనుషులు కాదు. మూడు చోట్ల అడవి ఉన్న మనిషి పేరు జాబితాలో మూడుసార్లు వస్తుంది కాబట్టి నమూనాలో, అంటే అడగడానికి ఎంచుకునే కొద్దిమందిలో, పడే అవకాశం కూడా మూడు రెట్లు. లెక్కకట్టేటప్పుడు ఆ జవాబుకు మూడో వంతు బరువే ఇవ్వాలి. ఇంకోవైపు, ఒకే కమతం అయిదుగురు తోబుట్టువుల పేర ఉంటుంది, లేదా చనిపోయిన తండ్రి పేరే ఇంకా నడుస్తుంటుంది. అక్కడ ‘కిందటిసారి చెట్లు కొట్టాలా వద్దా అన్నది ఎవరు తేల్చారు?’ అని అడిగి, ఆ మనిషితోనే మాట్లాడాలి. ఇంటి పెద్ద ఎవరని అడిగితే తప్పుడు మనిషి దొరుకుతాడు.

అమెరికా అటవీ సేవా సంస్థ జరిపే జాతీయ అటవీ యజమానుల సర్వేలో ఒక మంచి పద్ధతి ఉంది. పేర్ల జాబితాతో మొదలుపెట్టకుండా నేల మీద యాదృచ్ఛికంగా బిందువులు ఎంచుకుంటారు. ఆ బిందువు అడవిలో పడితే దాని యజమాని ఎవరో వెతికి ప్రశ్నావళి పంపుతారు. ఈ పద్ధతిలో 100 ఎకరాలవాడికి 10 ఎకరాలవాడి కంటే పదింతల అవకాశం ఉంటుంది, దాన్ని బరువులతో సరిచేస్తారు. ఫలితాలను రెండు రకాలుగా ఇస్తారు: యజమానుల్లో ఇంత శాతం, అడవి విస్తీర్ణంలో ఇంత శాతం. ఈ రెండు అంకెలూ చాలాసార్లు చాలా దూరంగా ఉంటాయి. సలహా, శిక్షణ వంటి మనుషులకు అందే సాయానికి మొదటి లెక్క చూడాలి. అగ్గి నివారణ, పురుగు తెగులు, కలప సరఫరా వంటివాటికి రెండోది చూడాలి. ఏ లెక్కో చెప్పకుండా శాతం ప్రకటించిన నివేదికను నమ్మి బడ్జెట్ వేయకూడదు.

ఎంతమందిని అడగాలన్నదానికి ‘మొత్తంలో పది శాతం’ అన్న వాడుక లెక్కకు ఆధారం లేదు. యజమానుల సంఖ్య పెద్దదైతే, 95 శాతం నమ్మకంతో (అంటే ఇలాంటి సర్వే 100 సార్లు చేస్తే దాదాపు 95 సార్లు) అటూఇటూ 5 శాతం తేడాలో జవాబు తేలాలంటే 385 పూర్తి జవాబులు కావాలి. తేడా 10 శాతం ఉన్నా ఫరవాలేదంటే 97 చాలు. 300 మంది సభ్యులున్న ఒక్క సంఘాన్నే లెక్కిస్తే 5 శాతం తేడాకు దాదాపు 169 మంది కావాలి, అంటే సగానికి పైనే. అసలు చిక్కు విడివిడి అంకెలు కావాలన్నప్పుడు వస్తుంది. 2 హెక్టార్ల లోపు, 2 నుంచి 10, 10 నుంచి 50, ఆపైన అని నాలుగు తరగతులు పెట్టి ప్రతి తరగతికీ 10 శాతం తేడాలో జవాబు కావాలంటే తరగతికి 97 చొప్పున 388 మందిని ముందే పంచుకోవాలి. అలా పంచకపోతే అతి చిన్నవాళ్లు నమూనాను నింపేసి, పెద్ద తరగతిలో పదిమంది కూడా మిగలరు.

పంపినవన్నీ తిరిగి రావు. నాలుగో వంతు వస్తాయనుకుంటే 385 జవాబులకు 1,540 పంపాలి. ముందు ఒక తెలియజేత, తర్వాత ప్రశ్నావళి, రెండు వారాలకు గుర్తుచేసే కార్డు, ఆ తర్వాత ప్రశ్నావళి మరో ప్రతి: ఇలా నాలుగుసార్లు తలుపు తట్టాలి. అప్పటికీ జవాబివ్వని వాళ్లలో 40, 50 మందికి ఫోన్ చేసి అయిదే ప్రశ్నలు అడగాలి: ఎంత అడవి, ఎంత దూరంలో ఉంటారు, పదేళ్లలో చెట్లు అమ్మారా, సంఘంలో ఉన్నారా, సలహా ఎవరినైనా అడిగారా. వీళ్ల జవాబులు మిగతావాళ్ల జవాబులకు దూరంగా ఉంటే నివేదికలో ఆ సంగతి మొదటి పేజీలోనే రాయాలి. సాధారణంగా ఈ మెట్టునే ఖర్చు పేరుతో ఎగరగొడతారు. మా దృష్టిలో దేన్ని తగ్గించినా దీన్ని తగ్గించకూడదు.

ఇక ప్రశ్నలు. ‘శిక్షణ కావాలా?’ అంటే అందరూ కావాలనే అంటారు, ఆ జవాబుతో చేయగలిగింది ఏమీ లేదు. ‘గత మూడేళ్లలో అడవి గురించి ఎవరినైనా సలహా అడిగారా? వాళ్లు వచ్చారా? ఎన్ని రోజులకు వచ్చారు? చెప్పింది చేశారా? చేయకపోతే ఎందుకు?’ అని అడగాలి. కోరికల జాబితా ఇచ్చి టిక్కు పెట్టమనే బదులు 10 గింజలు చేతికిచ్చి ఆరు రకాల సాయాల మధ్య పంచమనాలి. అప్పుడు ఏది ముందో తెలుస్తుంది. ‘నారు, ఎరువు సమయానికి అందుతున్నాయా?’ వంటి జంట ప్రశ్నలను విడగొట్టాలి. అడవిలో అమ్మకం ఏటా జరగదు కాబట్టి కిందటేడు ఆదాయం అడిగితే ఎక్కువమంది సున్నా రాస్తారు. కడపటి అమ్మకం ఏ ఏడాది జరిగింది, ఏం అమ్మారు అని అడగాలి.

కారణం అడగకపోతే సాయం తప్పుదారి పడుతుందనడానికి వియత్నాం మంచి ఉదాహరణ. అక్కడి చిన్న యజమానులు చాలామంది అకేసియాను (తుమ్మ జాతి చెట్టు) అయిదారేళ్లకే చెక్క ముక్కల (చిప్స్) కోసం కొట్టేస్తారు. పదేళ్లు దాటనిస్తే కోత కలపకు పనికొచ్చి మేలైన ధర వస్తుంది. ఆ సంగతి వాళ్లకు తెలియక కాదు. మధ్యలో డబ్బు అవసరం పడుతుంది, తుపాను వస్తే తోట మొత్తం పడిపోతుందన్న భయం ఉంటుంది. ఇలాంటి చోట శిక్షణ తరగతులు పెట్టి లాభం లేదు. నిలబడి ఉన్న చెట్ల మీద అప్పు, గాలివాన బీమా కావాలి. ‘అనుకున్న వయసు కంటే ముందే కొట్టారా? ఎందుకు?’ అన్న ఒక్క ప్రశ్న ఈ తేడాను బయటపెడుతుంది.

అమ్మకాల భాగంలో ఎక్కువసేపు ఆగాలి. ధర ఎంతని అడిగి కొలమానం అడగకపోతే ఆ అంకెలన్నీ వృథా. ఒకరు నిలబడ్డ తోటను గుత్తకు అమ్ముతారు, ఒకరు టన్ను లెక్కన, ఒకరు పేర్చిన కట్టె లెక్కన, ఒకరు దుంగ ఘనపరిమాణం లెక్కన. పేర్చిన ఒక ఘనమీటరులో సందులు పోను అసలు కలప సుమారు 0.6 నుంచి 0.7 ఘనమీటరే. అప్పుడే కొట్టిన కలప బరువులో దాదాపు సగం నీరే ఉండొచ్చు కాబట్టి లారీ వారం ఆలస్యంగా వస్తే తూకం పడిపోతుంది, ఆ నష్టం యజమానిదే. చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి పొడవుతో గుణించే పాత పద్ధతి గుండ్రటి దుంగ అసలు ఘనపరిమాణంలో 78.5 శాతమే చూపిస్తుంది. ధర కూడా అదే కొలమానంలో మాట్లాడుకుంటే అన్యాయం ఏమీ లేదు. ఒక కొలమానంలో ధర చెప్పి మరోదానిలో కొలిస్తేనే ఐదో వంతుకు పైగా తేడా వస్తుంది. కాబట్టి అయిదు విషయాలు వరసగా అడగాలి: ఏ కొలమానం, ఎవరు కొలిచారు, కొట్టిన ఎన్నాళ్లకు కొలిచారు, బెరడుతోనా బెరడు తీశాకా, కొట్టుడు కూలి, రవాణా ఎవరు భరించారు. ఇవి లేకుండా రెండు సంఘాల ధరలను పోల్చి ఒకటి బాగా పనిచేస్తోందని చెప్పడం తప్పు.

అడవి ఎందుకు ఉంచుకున్నారన్న ప్రశ్న కలప ప్రశ్నల కంటే ముందే రావాలి. అమెరికా సర్వేలో కుటుంబ యజమానులు చెప్పే కారణాల్లో అందం, వన్యప్రాణులు, ప్రకృతి పైవరసలో ఉంటాయి, కలప ఆదాయం బాగా కింద ఉంటుంది. ఇంకోచోట వంటచెరకు, పశువుల మేత, పిల్లలకు ఇచ్చే ఆస్తి పైన ఉండవచ్చు. మొదటి ప్రశ్నే ‘ఎంత కలప అమ్ముతారు?’ అయితే మిగతా ఉద్దేశాలున్నవాళ్లు ఇది తమ కోసం కాదనుకుని కాగితం పక్కన పడేస్తారు.

సంఘాల సర్వేలో అభిప్రాయాల కంటే పుస్తకాలు చూడాలి. సభ్యులెందరు అన్న ప్రశ్నకు జాబితాలో పేర్లెన్ని, ఈ ఏడు రుసుము కట్టినవాళ్లెందరు, సంఘం ద్వారా ఏదైనా అమ్మినవాళ్లెందరు అని మూడు అంకెలు తీసుకోవాలి. ఆదాయంలో రుసుము, సేవల చార్జీ, అమ్మకాల కమీషన్, గ్రాంటు ఏది ఎంతో విడివిడిగా రాయాలి. గ్రాంటు ఆగితే ఎన్ని నెలలు నడుస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది. అధ్యక్షుణ్ని, కోశాధికారిని, పదవి లేని ముగ్గురు సభ్యులను విడివిడిగా అవే ప్రశ్నలు అడగాలి. జవాబులు కలవని చోటే సాయం అవసరం దాగి ఉంటుంది. ఫిన్లాండ్‌లో అటవీ సంఘాలకు యజమానులు చట్టప్రకారం కట్టే తప్పనిసరి రుసుము 2015 నుంచి రద్దయింది. అప్పటినుంచి సేవ నచ్చితేనే సభ్యుడు ఉంటాడు. రుసుము ఎందుకు కడుతున్నారు, ఎందుకు మానేశారు అన్నవి ఏ దేశపు సంఘానికైనా ప్రాణం వంటి ప్రశ్నలు.

పదవుల లెక్కతో ఆగకూడదు. నేపాల్‌లో భూమి ప్రభుత్వానిదే అయినా 1993 అటవీ చట్టం, దాని స్థానంలో 2019లో వచ్చిన చట్టం కింద 22 వేలకు పైగా వినియోగదారుల సంఘాలు అడవులు నిర్వహిస్తున్నాయి. వాటి కార్యవర్గాల్లో సగం మంది మహిళలు ఉండాలన్న నియమం ఉంది. సీట్లు లెక్కపెడితే నియమం అమలు తెలుస్తుంది, అధికారం తెలియదు. కిందటి సమావేశంలో ఎవరి ప్రతిపాదన తీర్మానమైంది, చెక్కు మీద సంతకం ఎవరిది, పనికి కూలి ఎవరికి దొరికింది అని అడగాలి. మహిళలతో మహిళలే, ఇంట్లో మగవాళ్లు పక్కన లేనప్పుడు మాట్లాడాలి.

యూరప్ మార్కెట్‌కు కలప చేరే చోట్ల మరో ప్రశ్న చేర్చాలి. అక్కడ 2023లో చేసిన అడవుల నరికివేత నిరోధక చట్టం కలప వచ్చిన స్థలం అక్షాంశ రేఖాంశాలు అడుగుతుంది. 4 హెక్టార్లు మించిన కమతానికి హద్దు చుట్టూ గీత కావాలి, అంతకు తక్కువైతే ఒక్క బిందువు చాలు. ‘మీ అడవి హద్దు పటం మీ దగ్గర ఉందా? సంఘం దగ్గర ఉందా?’ అన్నది ఇప్పుడే తెలుసుకోకపోతే చిన్నవాళ్ల కలపే ముందుగా తిరస్కరణకు గురవుతుంది.

నరికివేతకు అనుమతులిచ్చే, జరిమానాలు వేసే శాఖ సిబ్బంది ఈ సర్వే చేయకూడదు. అనుమతి లేకుండా కొట్టిన చెట్టు గురించి, హద్దు దాటిన కంచె గురించి వాళ్లకు ఎవరూ నిజం చెప్పరు. పేరు, స్థల వివరాలను జవాబుల నుంచి వేరుచేసి దాచాలి. పట్టికలో అయిదుగురి కంటే తక్కువమంది ఉన్న గడి అంకెను ప్రచురించకూడదు, చిన్న ఊళ్లో ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. అసలు పని మొదలుపెట్టే ముందు 15, 20 మందితో ప్రశ్నావళి పరీక్షించి, ప్రతి ప్రశ్ననూ వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించాలి. అరగంట దాటితే కొన్ని ప్రశ్నలు తీసేయాలి. ఏవి తీయాలో తేల్చడానికి ఒకటే గీటురాయి: ఈ జవాబు అవునైతే ఏ నిర్ణయం మారుతుంది, కాదైతే ఏది మారుతుంది? రెండింటికీ మార్పు లేని ప్రశ్న కాగితం మీద ఉండనక్కర్లేదు.

జవాబులు తీసుకున్న మూడు నెలల్లో ప్రతి సంఘానికీ దాని సొంత అంకెలు, ప్రాంతపు సగటు పక్కపక్కన పెట్టి ఒక పేజీ తిరిగి ఇవ్వాలి. సంఘంలో లేని యజమానులకు అదే పేజీ నేరుగా పంపాలి. దాని మీద ఏ పని ఎవరు ఎప్పటిలోగా చేస్తారో, ఏ కోరిక తీర్చలేరో, ఎందుకు తీర్చలేరో రాసి ఉండాలి.

ఇట్లు,
అటవీ సర్వేల పని తెలిసిన కొందరు పాఠకులు