కోళ్ల బావకి, బ్లాక్‌బర్న్ నుంచి

బ్లాక్‌బర్న్,
21 మార్చి 2013

ఒరేయ్ బావా,

తిట్టుకో, నీ ఇష్టం. సంక్రాంతికి నువ్వు రాసినదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది, ఉద్యోగం ఉంది, ఇంకా రాత్రి షిఫ్టులే, వంట పప్పూ గుడ్డూ దాటలేదు, నా పెళ్లి సంగతి అమ్మ అడిగితే నీకేమీ తెలియదు. కబుర్లు అయిపోయాయి. ఆదివారం నుంచీ కడుపు ఉబ్బిపోతోంది, అది చెప్పాలి నీకు. నీకే ఎందుకంటే ఇందులో కోళ్లున్నాయి.

మీ షెడ్లలో ఉన్న బీవీ-300 కోళ్లు ఎవరివి? వెంకటేశ్వర హ్యాచరీస్ వాళ్లవి. మీ నాన్న ఫోటో పెట్టి దండం పెట్టడం ఒక్కటే తక్కువ, ఆ బీవీ రావు గారు పెట్టిన కంపెనీ. రోజూ పేపర్లో నెక్ వాళ్ల గుడ్ల రేటు చూసి మొహం మాడ్చుకుంటావే, ఆ నెక్ కూడా ఆయన పుణ్యమే. సరే, ఆయన పిల్లలు 2010 నవంబరులో ఈ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు కొన్నారు, బ్లాక్‌బర్న్ రోవర్స్. అల్లాటప్పా క్లబ్బేం కాదురా, 1995లో ప్రీమియర్ లీగ్, అంటే ఇక్కడి అన్నిటికన్నా పై డివిజన్, గెలిచింది. జాక్ వాకర్ అని ఈ ఊరి స్టీలు వ్యాపారి సొంత డబ్బు కుమ్మరించి గెలిపించాడు. స్టేడియం బయట ఆయన విగ్రహం ఉంది, జనం దాని ముందు మన ఊళ్లో రామాలయం ముందు ఆగినట్టు ఒక్క క్షణం ఆగి వెళ్తారు.

అలాంటి క్లబ్బు పోయిన మే నెలలో కింది డివిజన్‌కి పడిపోయింది. విగాన్ మీద సొంత గ్రౌండులో 1-0తో ఓడి, వర్షంలో తడుస్తూ. ఆ రోజు ఎవరో క్లబ్బు జెండా చుట్టి ఒక కోడిని గ్రౌండులోకి వదిలారు! ఓనర్లు కోళ్లవాళ్లు కదా, అదీ వెటకారం. మ్యాచ్ ఆగింది, కోడిని పట్టుకుని బయటికి తీసుకెళ్లారు. నాకు వచ్చిన మొదటి అనుమానం అది నాటుకోడా ఫారం కోడా అని. మా ఇంటి ఓనరు పెద్దాయన్ని అడిగితే ఆయన నవ్వలేదు.

ఈ పెద్దాయన గురించి చెప్పాలి. నా పేరు చివర రావు అని కవరు మీద చూసిన రోజు నుంచీ ఆయన కళ్లకి నేను ఓనర్ల చుట్టాన్ని. వెంకటేశ్ రావు, బాలాజీ రావు, ఇక్కడ నేను! మా ఊళ్లో రాయి విసిరితే రావుకే తగులుతుందయ్యా అని ఎంత చెప్పినా వినడు. టీమ్ ఓడిన రోజు నాతో మాట్లాడడు. ఈ ఏడాది మరి ఎన్ని రోజులు మాట్లాడలేదో ఊహించుకో.

ఎందుకంటే ఈ సీజన్ మొదలైనప్పుడు అందరూ వెంటనే పైకి వెళ్లిపోతాం అనుకున్నారు. పడిపోయిన క్లబ్బులకి లీగు ఇచ్చే పారాచూట్ డబ్బు ఉంది. జోర్డన్ రోడ్స్ అనే కుర్రాణ్ణి 80 లక్షల పౌండ్లకి కొన్నారు, మన లెక్కలో డెబ్భై కోట్లు బావా, మీ కోళ్లన్నీ ఎన్ని జన్మలు గుడ్లు పెట్టాలి! ఆ కుర్రాడు మాత్రం పైసా పైసా వసూలు చేస్తున్నాడు, గోల్స్ మీద గోల్స్. తంటా అంతా మేనేజర్లతో. స్టీవ్ కీన్ అంటే జనానికి పడదు, పాపం టీమ్ పైవరసలో ఉండగానే సెప్టెంబర్ ఆఖర్లో వెళ్లిపోయాడు. తర్వాత హెనింగ్ బెర్గ్, 1995లో గెలిచిన టీములో ఆడినవాడే, అయినా 57 రోజులు. పది మ్యాచుల్లో ఒక్కటి గెలిచాడు, క్రిస్మస్ రెండు రోజులకి ఇంటికి పంపారు. ఆ రోజే పెద్దాయన కొడుకు, సీజన్ టికెట్ చేతిలో ఉండి కూడా, ఈ ఓనర్లున్నంత కాలం గ్రౌండులో అడుగు పెట్టనని ఒట్టేశాడు. తండ్రేమో ఓనర్లు వస్తారు పోతారు, నా టీమ్ నాది అంటాడు. ఆదివారం భోజనాలు కూడా విడివిడిగా తింటున్నారు, ఇంటావిడకి రెండుసార్లు వంట. మన రాజమండ్రి మేనమామల కొబ్బరితోట గొడవ గుర్తొచ్చిందా? అదే.

ఆ కొడుకు టికెట్టే ఆదివారం నాకొచ్చింది. బర్న్లీ మీద మ్యాచ్. పక్క ఊరే, పదిహేను కిలోమీటర్లు, కానీ వాళ్లని చూస్తే వీళ్లకి ఒంటి మీద తేళ్లు పాకుతాయి. బర్న్లీ వాళ్లని సొంతంగా రానివ్వలేదు, పోలీసులు లెక్కపెట్టి బస్సుల్లో తెచ్చి బస్సుల్లో తీసుకెళ్లారు. ఒక లెక్క చెప్పాలి నీకు: బర్న్లీ బ్లాక్‌బర్న్‌ని ఓడించింది చివరిసారి 1979 ఏప్రిల్‌లో. అప్పటి నుంచి ఒక్కసారి కూడా లేదు. పెద్దాయన పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, నోరు కూడా విప్పలేదు.

చలి చెప్పలేను. మార్చి అట, ఎవరి మార్చి? నాలుగు రోజుల ముందే ఇదే గ్రౌండులో మిల్‌వాల్ చేతిలో ఓడి ఎఫ్‌ఏ కప్ నాకౌట్ పోటీ నుంచి అవుటయ్యారు, ఫిబ్రవరిలో ఆర్సెనల్ లాంటి పెద్ద క్లబ్బుని వాళ్ల ఇంట్లోనే ఓడించిన టీమ్ ఇది, అదే టీమా అని... సరే అది మళ్లీ రాస్తాను. బర్న్లీ ఆటగాడు షాకెల్ గోల్ కొట్టాడు. ఇక మా వైపు మూలుగు. ఓనర్లని తిడుతూ ‘వెంకీస్ అవుట్’ (వెంకీస్ అంటే ఆ కోళ్ల కంపెనీయే) అని వేలమంది అరుస్తుంటే నేను టోపీ కళ్ల మీదికి లాక్కున్నాను, ఎవరు మొదటిసారి చూసినా ముందు నన్నే అనుమానిస్తారు కదా! తొంభై నిమిషాలు దాటాయి. జనం లేచి వెళ్లిపోతున్నారు, పెద్దాయన కదలడం లేదు, నేను ఆయన బీపీ మాత్రలు ఏ జేబులో ఉన్నాయో చూసుకుంటున్నాను.

అదనపు సమయం కూడా ఆఖరికి వచ్చింది. డేవిడ్ డన్ కొట్టాడురా! ఇక్కడి కుర్రాడే, పక్కనే గ్రేట్ హార్వుడ్‌లో పుట్టాడు, పుట్టింది 1979 డిసెంబరులో. అంటే బర్న్లీ గెలుపు అనేది అతని జీవితంలో ఎప్పుడూ జరగలేదు, ఆదివారం కూడా జరగనివ్వలేదు. 1-1. గెలవలేదు బావా, డ్రా, అంతే, దానికి ఆ పెద్దమనిషి నన్ను ఎత్తేశాడు. నా మెడ పట్టుకుని ఏడ్చాడు, రావ్, రావ్ అంటూ. వెనక వరసలో వాళ్లు ఆ పేరు విని తలతిప్పి చూశారు, నాకు చెమట పట్టింది, ఆ చలిలో.

ఇంటికొచ్చేసరికి కొడుకు గుమ్మంలో ఉన్నాడు, రేడియోలో విన్నాడట. ఇద్దరూ కలిసి తిన్నారు.

మంగళవారం మేనేజర్ని మళ్లీ తీసేశారు. ఈసారి ఆపిల్టన్, 67 రోజులు. ఈ మనిషి ఈ ఒక్క సీజన్లోనే పోర్ట్స్‌మత్, బ్లాక్‌పూల్ అయి మూడో క్లబ్బుకి వచ్చాడు, అదో వింత. ఇప్పుడు గ్యారీ బోయర్‌ మళ్లీ తాత్కాలిక మేనేజరు. ఇంకా కిందికి, మూడో డివిజన్‌కి జారతారేమో అని ఊరంతా టెన్షన్. కొడుకు మళ్లీ విడిగా తింటున్నాడు.

పెద్దాయనకి కొత్త ఆలోచన వచ్చింది. ఇంగ్లీషులో రాసిన ఉత్తరాలు ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేను తెలుగులో ఒకటి రాయాలట, ఓనర్లకి, తన తరఫున. వాళ్లుండేది పుణెలో అన్నాను, ఊహూ. నిన్న రాత్రి టీ పెట్టి కూర్చోబెట్టాడు, చెప్తుంటే నేను రాస్తున్నాను, నాలుగు పేజీలైంది, ఇంకా జాక్ వాకర్ చిన్నతనం దగ్గరే ఉన్నాం. మీ నాన్నకి కోడిపిల్లల ఆర్డర్ల కోసం ఆ కంపెనీ వాళ్లతో రాకపోకలున్నాయి కదా, పుణె ఆఫీసు అడ్రసు అడిగి పంపు. ఎందుకని అడిగితే రేటు గురించి అని చెప్పు, నువ్వు సోడాబండి దగ్గర మాట్లాడినట్టు మాట్లాడకు.

అన్నట్టు అత్తయ్య మోకాలు ఎలా ఉంది? నీ రెండో షెడ్డు లోను సంగతి ఏమైంది, ఆ బ్యాంకు వాడు... అయ్యో ఆరైపోయింది, బస్సు వచ్చేస్తుంది, మిగతాది