నల్లబడిన మాంసం అన్నిసార్లూ పాతది కాదు

సంపాదకులు గారికి,

దున్నమాంసం దుకాణంలో ఒక్కోసారి ముక్క నల్లగా, నొక్కితే బిర్రుగా, వేలికి జిగటగా తగులుతుంది. అది నిన్నటిదని కొనేవారు దుకాణదారుని నిలదీస్తారు గానీ, తెల్లవారుజామున కోసినదే కావచ్చు. పశువు కండరాల్లో శక్తి కోసం నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం కోత తర్వాత లాక్టిక్ ఆమ్లంగా మారి, ఒక రోజులో మాంసపు పీహెచ్‌ను (ఆమ్లత్వపు కొలత, ఇది తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) 7 నుంచి 5.5 దరిదాపులకు దించాలి. సంత నుంచి మేత, నీరు లేకుండా, లారీలో ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వచ్చిన పశువులో ఆ నిల్వ దారిలోనే హరించుకుపోతుంది. పీహెచ్ 6 పైనే ఆగి, రంగు ముదిరి, మాంసం త్వరగా పాడవుతుంది. వట్టిపోయాక వరిగడ్డి మీదే నెట్టుకొచ్చిన గేదెలో అసలు నిల్వే తక్కువ.

లారీకి ఆరు పశువులకు మించరాదని 1978 నాటి రవాణా నిబంధనలు, కోతకు ముందు 24 గంటల విశ్రాంతి ఇవ్వాలని 2001 నాటి వధశాలల నిబంధనలు చెబుతున్నాయి. జీవకారుణ్యం కోసం రాసిన ఈ నియమాలు వ్యాపారికీ లాభసాటివే. మున్సిపల్ కబేళాల్లో నీడ, నీళ్లతొట్టి ఉన్న దొడ్డి కట్టించి, పశువు లారీ దిగిన వేళను నమోదు చేశాకే కోతకు అనుమతించాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత పశువైద్యుడు, హైదరాబాద్