ఒరేయ్, పూస వచ్చింది!

ఒరేయ్,

నల్లపూసైపోయానని తిట్టుకుంటూ ఉంటావు. నాలుగు నెలలైంది, తప్పు నాదే. ల్యాబ్ పరీక్షలు, అమ్మ మోకాళ్లు, పిల్లాడి జ్వరం. ఇప్పుడందరూ బాగున్నారు, వదిలెయ్. నల్లపూస అన్నాను కదా, ఈ ఉత్తరం దాని గురించే.

ఆదివారం అమ్మ కమ్మ కొక్కెం విరిగితే ఆచారిగారి కొట్టుకు తీసుకెళ్లాను. ఆయన రాతి మీద నీటి చుక్కలు వేసి ఏదో తెల్లటి గడ్డ అరగదీస్తున్నారు. ఏంటండీ అంటే "వెలిగారం బాబూ" అన్నారు. ఒరేయ్, బోరాక్స్! ఇంటర్‌లో పూస పరీక్షకి, అదే వెలిగారం కరిగించిన గాజుపూసకి ఏ రంగొస్తుందో చూసి లోహాన్ని గుర్తుపట్టే పరీక్షకి, కాపర్ లవణం దండిగా మెత్తి మనిద్దరం నల్ల బొగ్గు తీస్తే, సార్ "దాచుకోండి, పెళ్లిలో తాళికి పనికొస్తుంది" అన్నారు చూడు!

ఇంక ఆగుతానా? పాత హీటర్ కాయిల్ ముక్క చివర చిన్న కన్నులా వంచాను. ఎర్రగా కాల్చి వెలిగారం పొడిలో ముంచి మంటలో పెడితే, ముందు పేలాల్లా ఉబ్బింది. నీళ్లన్నీ పోయాక కుంగి గాజుబొట్టులా నిలిచింది. రాగి తీగ కాల్చి, దాని మీద పట్టిన నల్లటి పొలుసు ఆవగింజలో పావు వంతు అంటించాను. కిటుకంతా ఆ పిసినారితనంలోనే ఉందిరా. ఆచారిగారు ఊదుగొట్టం అందుకున్నారు. మంట బయటి అంచున వేడి మీద ఆకుపచ్చ, చల్లారాక నెమలి మెడ నీలం!

ఇక ఎరుపు. మంట లోపలి భాగంలో పెడితే ఆక్సిజన్ అందదు కదా, రాగి రాగిగా దిగాలి. రెండుసార్లు రాలేదు. టెన్షన్! పక్కనున్న రేడియో రిపేరు కుర్రాడి సోల్డర్ నుంచి చిటికెడు రజను గీకి కలిపాను. అందులోని తగరం ఎలక్ట్రాన్లు ఇచ్చేసింది. చల్లారేసరికి గాజుతనం పోయి, ఇటుక ఎరుపు!

నాకు అప్పుడు తట్టింది చెప్పనా? ఎలక్ట్రాన్లు అందేకొద్దీ రాగి ఆక్సీకరణ స్థితి +2 నుంచి +1కి, అక్కణ్ణుంచి సున్నాకి దిగింది. వెలిగారంలోని బోరాన్ మాత్రం మొదటి నుంచి +3లోనే కూర్చుంది, ఈ రంగుల గొడవ తనది కానట్టు. క్షయకరణం (ఎలక్ట్రాన్లు అందుకోవడం) పాఠంలో ఈ మాట ఒక్కసారైనా చెప్పానా... ఆచారిగారేమో "వెలిగారం మురికి తింటుంది, అప్పుడే అతుకు పారుతుంది" అన్నారు. ఆ మురికంటే లోహపు ఆక్సైడే.

క్యారమ్ బోర్డు మీద మనం చల్లిన బోరిక్ పౌడర్ గుర్తుందా? అదీ బోరాన్ సరుకే. పేరుకి ఆమ్లం, మూడు హైడ్రోజన్లున్నా నీళ్లలో ఒక్కటీ వదలదు, పైగా నీళ్ల దగ్గరే హైడ్రాక్సైడ్ లాక్కుంటుంది. మన పదహారో నంబరు గది మహానుభావుడే! మెస్ బిల్లు కట్టకుండా పక్కవాడి ప్లేట్లో...

బోరాన్, హైడ్రోజన్ కలిసిన డైబోరేన్ గురించి కూడా రాద్దామనుకున్నాను, రెండు ఎలక్ట్రాన్లతో మూడు పరమాణువులు సంసారం చేసే... అయ్యో, పోస్టు డబ్బా తీసే టైమైంది. అన్నట్టు, కమ్మ అక్కడే మర్చిపోయి పూస మాత్రం జేబులో వేసుకొచ్చాను. అమ్మ ఇంకా అడగలేదు. అదిగో పిలుస్తోంది, ఉంటా