కింద మోకు పట్టేవారి సంగతేమిటి?

సంపాదకులకు,

మా వీధి మలుపులో ఇళ్ల మీదికి వాలిన పెద్ద చెట్టును గత వారం కొట్టించారు. ఎక్కినతను పనిలో ఆరితేరినవాడని చూడగానే తెలిసింది. నడుము పట్టీ కాకుండా కాండానికి మరో తాడు చుట్టుకుని, కొమ్మకు మోకు బిగించాకే రంపం నడిపాడు. కింద మోకు పట్టిన కుర్రవాడు మాత్రం ఆ ఉదయమే పిలిపించిన కూలీ. కొమ్మ తెగగానే బెదిరిపోయి మోకును గట్టిగా బిగబట్టాడు. జారాల్సిన కొమ్మ గాలిలో ఠక్కున ఆగి, ఊగివచ్చి కాండాన్ని కొట్టింది. చెట్టంతా అదిరింది. పైనున్న మనిషి కాండాన్ని వాటేసుకుని కళ్లు మూసుకున్నాడు. మేస్త్రీ తిట్టింది మళ్లీ ఆ ఎక్కినతన్నే!

రెండడుగుల అడ్డుకొలత, మూడడుగుల పొడవు ఉన్న పచ్చి దుంగ తేలిగ్గా రెండు క్వింటాళ్లు తూగుతుంది. పడుతూ పడుతూ ఒక్కసారిగా ఆగితే తాడు మీద, చెట్టు మీద పడే లాగుడు దాని బరువుకు ఎన్నో రెట్లు. అందుకే మోకును చెట్టు మొదట్లో రెండు మూడు చుట్లు తిప్పి, ఆ ఒరిపిడి మీద కొంత జారనిచ్చి మెల్లగా ఆపాలి. ఎంత జారనివ్వాలో చేతికి తెలియాలి. అది ఒక్క పూటలో వచ్చే విద్య కాదు.

ఆ కుర్రవాడు ఇంకో పని కూడా చేశాడు. పడిన కొమ్మను ఈడ్చుకుపోతుంటే పైవాడి ఎక్కుడు తాడు కొస దాని రెమ్మల్లో చిక్కుకుంది. మా పక్కింటాయన కేక వేయకపోతే ఏమయ్యేదో! కింద తాళ్లను విడివిడిగా ఉంచడం, కొమ్మలు పడే చోటికి ఎవరినీ రానివ్వకపోవడం, పైనుంచి ‘కోస్తున్నా’ అంటే చుట్టూ చూసి ‘కొయ్యి’ అని బదులివ్వడం, ఇవన్నీ కిందివాళ్ల పనులే. బదులు రానిదే రంపం కదలకూడదు. ఆ రోజు ఎవరూ ఎవరికీ బదులివ్వలేదు. రంపం మోతలో వినబడదంటే చేతి సైగలో, ఈలో ముందే అనుకోవచ్చు కదా.

చెట్లు కొట్టే పనిని అప్పగించే అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఒప్పందంలో ఎక్కేవారి అనుభవాన్ని అడిగినట్టే మోకు పట్టేవారి అనుభవాన్నీ అడగండి. ఎక్కడం వచ్చినవారు ఇంకొకరు, ఎక్కే సరంజామా ఇంకో జత కింద సిద్ధంగా ఉంటేనే పని మొదలుపెట్టనివ్వండి. రంపం తగిలో, కళ్లు తిరిగో పైవాడు పట్టీలో వేలాడిపోతే, కదలకుండా అలా వేలాడటమే నిమిషాల్లో ప్రాణాల మీదికి తెస్తుంది. అగ్నిమాపక బండి వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. ఆ రోజు అక్కడ ఉన్నది ఒక్క వెదురు నిచ్చెన. అది మొదటి కొమ్మకు కూడా అందదు.

— ఒక పాఠకుడు