ఫోటోకీ దాని కథకీ కలిపి ఒక నంబరు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాఠకులు పంపే పాత ఫోటోల శీర్షికను నేను వదలకుండా చూస్తాను. బొమ్మలు బాగుంటాయి. కింద రాతే అన్యాయంగా ఉంటోంది. ఈమధ్య వేసిన ఒక ఫోటోలో ఇంటి అరుగు మీద ఓ కుటుంబం, పక్కన మడతమంచం, ఒకాయన చేతిలో ట్రాన్సిస్టరు. కింద ‘అలనాటి మధుర జ్ఞాపకం’ అని ఉంది. ఎవరి అరుగు? ఏ ఊరు? ఏ ఏడు? తీసిందెవరు? ఆ ట్రాన్సిస్టరు ఆయనదేనా, ఫోటో కోసం పక్కింట్లో అడిగి తెచ్చారా? ఒక్కటీ లేదు. పంపినవాళ్లు రాయలేదో, రాస్తే జాగా చాలక మీవాళ్లే కోసేశారో తెలియదు. బొమ్మను కాస్త చిన్నది చేసైనా సరే, ఆ నాలుగు ముక్కలూ వెయ్యండి.

అయితే ఉత్తరం రాస్తున్నది మీ శీర్షిక కోసం మాత్రమే కాదు. ఈ పని నిజానికి జిల్లా గ్రంథాలయ సంస్థలు చెయ్యాల్సింది.

నేను కోనసీమలో శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరయ్యాను. ఒక ఏడు నవంబరు గ్రంథాలయ వారోత్సవాల్లో, ఎప్పుడూ పెట్టే పుస్తక ప్రదర్శనకి తోడు, ఇళ్లల్లో ఉన్న పాత ఫోటోలు పట్టుకురమ్మని మైకులో చెప్పించాం. స్టూడియోలో పూలకుండీ పక్కన నిలబడి తీయించుకున్నవి వద్దు, మీ ఇళ్లల్లో మీరే తీసుకున్నవి కావాలన్నాం. మసకబారినవీ, తలలు తెగినవీ, తీసినవాడి నీడ ముందు పడినవీ చాలానే వచ్చాయి. పుస్తకాల బల్ల దగ్గర ఎవరూ లేరు, జనమంతా ఇటే. అది చూసి ఒక నోటుబుక్కు తెచ్చి పెట్టి, ఫోటో తెచ్చినవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయించాం.

వాటిలో ఒకటి 1986 వరదప్పటిది. ఆ ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. మా వైపు లంకలు మునిగాయి. బడి డాబా మీదకి చేరిన జనాన్ని ఆ బళ్లో పనిచేసే మాస్టారొకరు తన ఆగ్ఫా క్లిక్ త్రీతో తీశారు. ఆ కెమెరాకి రీలు వేస్తే పన్నెండే బొమ్మలొచ్చేవి, కాబట్టి ఎవరూ ఊరికే మీట నొక్కేవాళ్లు కాదు. ఫోటోలో ఎడమ పక్కన, పిట్టగోడకి ఆనుకుని ఒకామె కూర్చుని ఉంటుంది. పాతచీర చుట్టిన మూటొకటి రెండు చేతులతో గుండెలకి హత్తుకుంది. చూసిన ప్రతివాళ్లూ పసిబిడ్డ అనుకున్నారు. ఫోటో తెచ్చింది ఆమె కోడలే. అది విని నవ్వేసింది. ‘బిడ్డ కాదండీ, మా అత్తగారి కుట్టుమిషను తల’ అంది.

నీళ్లు గుమ్మం ఎక్కుతుంటే ఆవిడ మరలు వదులుచేసి, తల ఊడదీసి, స్టాండూ చక్రమూ గోదారికి వదిలేసి వచ్చేసింది. పడవవాడు బరువైపోతోంది దించమ్మా అంటే, ‘అయితే నన్నూ దించెయ్ బాబూ’ అందట. వరద తీశాక ఆ తలని ఎవరిదో టీకొట్టు బల్లకి బిగించి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేత్తో గుడ్డ నెడుతూ కుట్టింది. ఆ ఊళ్లో ఆ ఏడు చాలామంది పిల్లల బడి చొక్కాలు అలా వచ్చినవే.

ఈమధ్య మా మనవడు వాట్సాప్‌లో అదే ఫోటో చూపించాడు. ఎవరు ఎక్కించారో గాని రంగులు కూడా వేయించారు. ‘వరదలో బిడ్డను కాపాడుకున్న మాతృమూర్తి’ అని పేరు పెట్టారు. కింద దండాలు పెట్టే బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. రంగులేసే ఆ యాప్‌కి కూడా మూటలో బిడ్డే కనబడినట్టుంది, చీర అంచులోంచి ఒక చిట్టిపాదం మొలిపించింది! మిషను తలకి పాదం. నవ్వొచ్చిన మాట నిజమే గాని, ఇంకో పదేళ్లకి ఆ కోడలు కూడా లేకపోతే ఆ పాదమే నిజమైపోతుంది.

ఫేస్‌బుక్‌లో బోలెడు గ్రూపులున్నాయిగా, ఇంకెందుకు గ్రంథాలయం అంటారు కొందరు. ఆ గ్రూపుల్లో ఒకే వీధి ఫోటో ఒకసారి పాత బెజవాడగానూ, మరోసారి పాత గుంటూరుగానూ తిరగడం నేను చూశాను. అడిగితే జవాబిచ్చే నాథుడు ఉండడు.

మా నోటుబుక్కులోదే ఇంకొకటి. తలుపు పక్కన నిలబడ్డ ఒక ఆడపిల్ల రంగు ఫోటోలు, ఏడాదికొకటి చొప్పున కొన్ని. అదే తలుపు, అదే గడప. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. మా కోనసీమ ఆడవాళ్లు చాలామంది వెళ్లినట్టే. పిల్ల ఏమాత్రం ఎదిగిందో అక్కడినుంచి తల్లికి తెలియాలని అమ్మమ్మ ప్రతిసారీ అక్కడే నిలబెట్టేది. తీసేది గల్ఫ్ నుంచి యాషికా కెమెరా తెచ్చుకున్న పక్కింటి కుర్రాడు. ఒక ఫోటో వెనక బాల్‌పెన్నుతో ఇలా ఉంది: ‘అమ్మాయీ, నువ్వు పంపిన గౌను పొట్టయింది. తలుపు గొళ్లెం దాకా వచ్చేసింది పిల్ల. చూసుకుని కొను.’ వలసల మీద ఎన్ని సెమినార్లు పెట్టినా ఆ గొళ్లెం సంగతి ఎవరికి దొరుకుతుంది?

మరి ఆ నోటుబుక్కు ఏమైందంటారా? భవనం మారినప్పుడు పోయింది. పారేసింది ఎవరని అడిగే వీలు కూడా లేదు. ఎందుకంటే దానికి నంబరు లేదు. గ్రంథాలయంలో యాక్సెషన్ రిజిస్టరు అని ఒకటుంటుంది. వచ్చిన ప్రతి పుస్తకానికీ అందులో ఒక నంబరు పడుతుంది. నంబరు పడిందంటే అది పోతే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి, అవసరమైతే సొమ్ము కట్టాలి. అందుకే రెండు రూపాయల పాత డిటెక్టివ్ నవల కూడా బీరువాలో క్షేమంగా ఉంటుంది. నంబరు లేనిది ఆ గదిలో ఉన్నా లేనట్టే. నేను అడుగుతున్నదల్లా ఇదే: ఊరివాళ్లు తెచ్చే ఫోటో నకలుకీ, దానివెనక కథ రాసిన కాగితానికీ కలిపి ఒక నంబరు వేసి రిజిస్టరులో ఎక్కించండి.

గొప్పవాళ్ల ఫోటోలకి ఈ బెంగ లేదు. నిజాం ఆస్థానంలో ఫోటోగ్రాఫరుగా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఏ దర్బారో, ఏ వేటో పరిశోధకులు చెప్పగలుగుతున్నారు. సంతోషమే. ఇళ్లల్లో ఫోటోలనీ వాటి కథలనీ కలిపి పోగుచేసే పని కూడా కొత్తదేం కాదు. 2010లో అనూషా యాదవ్ అనే ఆవిడ ఇండియన్ మెమరీ ప్రాజెక్ట్ పేరుతో ఇంటర్నెట్‌లో మొదలుపెట్టారు. కాని మా లంకల్లో ముసలమ్మ అక్కడిదాకా వెళ్లి ఇంగ్లీషులో రాసి పంపలేదు కదా. ఆవిడకి అందేది ఊళ్లో ఉన్న శాఖా గ్రంథాలయమే.

తొందర ఎక్కడుందంటే మునిగిన ఊళ్లలో ఉంది. శ్రీశైలం జలాశయం కింద అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు ఖాళీ అయి నలభై ఏళ్లు దాటింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ కట్టారు, మంచిపని. ఆ గుడి చుట్టుపక్కల ఇళ్లు ఎలా ఉండేవో, ఏ రచ్చబండ దగ్గర ఎవరు కూర్చునేవారో చూపించగలిగేవి ఆ కుటుంబాలు మూటగట్టుకు వెళ్లిన ఫోటోలే. వాటిలో ఉన్నది ఎవరో చెప్పగలిగినవాళ్లకి ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్లు. పోలవరం వల్ల దేవీపట్నం మండలం ఊళ్లవాళ్లు పునరావాస కాలనీలకి వెళ్లిపోవడం నిన్నగాక మొన్న జరిగింది. వాళ్ల ఫోన్లలో గోదారి ఒడ్డున తమ ఇంటిముందు తీసుకున్న ఆఖరి ఫోటోలున్నాయి. పాత ఆల్బమ్ అయితే అటక మీదైనా ఉంటుంది. ఫోను నీళ్లలో పడితే అంతే. పరిహారం లెక్కల్లో ఇంటి కొలతలూ చెట్ల సంఖ్యా ఉంటాయి గాని, ఆ మామిడిచెట్టు ఎవరు పుట్టినప్పుడు నాటిందో ఉండదు.

డబ్బు మాట వస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ 1960 నాటి చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు జనం కడుతూనే ఉన్నారు. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని గ్రంథాలయ సంస్థలకి జమచెయ్యకుండా బకాయి పెడుతున్నాయన్న వార్తలు మీ పత్రికలోనే చదువుతున్నాం. ఆ బకాయి కదిలితే చాలా పనులు జరుగుతాయి. ఇది మాత్రం ఆ బకాయి కోసం ఆగక్కర్లేని పని. జిల్లాకి ఒక మామూలు స్కానరు, ఊరూరా తిప్పడానికి. బల్ల, కుర్చీ, రాసేందుకు కాగితాలు ఎలాగూ ఉన్నాయి. సిబ్బంది లేరన్నది నిజమే, నేను ఆ బాధ పడినవాడినే. డిగ్రీ కాలేజీల చరిత్ర విద్యార్థులకి ప్రాజెక్టు పనిగా ఇస్తే ఆ కొరత కొంత తీరుతుంది.

ఫోటో అసలు ప్రతిని మాత్రం గ్రంథాలయంవాళ్లు ఉంచుకోకూడదు, ఎదురుగానే స్కాన్ చేసి అప్పుడే తిరిగిచ్చెయ్యాలి. ఇంట్లోవాళ్లు బయటపెట్టొద్దు అన్నది బయటపెట్టకూడదు. పెళ్లి చెడినవాళ్లుంటారు, చనిపోయిన పిల్లలుంటారు, ఫోటో చూపించి కథ చెప్పనివాళ్లూ ఉంటారు. చెప్పకపోవడం వాళ్ల హక్కు. వాట్సాప్‌లో పంపమనడం వద్దు, బొమ్మ నాణ్యత సగం అక్కడే పోతుంది. గమ్ముపేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫోటోలని గోళ్లతో పీకొద్దు, చెమ్మకి ఫ్రేము అద్దాన్ని పట్టేసినవాటిని అసలు కదపొద్దు. అద్దంతో సహా స్కాన్ చేసుకోవచ్చు. వెనక పేర్లు రాసుకునేవాళ్లు మెత్తటి పెన్సిల్‌తో రాసుకోండి. పెన్ను ఒత్తితే గీతలు ముఖాల మీద తేలతాయి. ఎనభైల్లో తీసిన రంగు ఫోటోలు చాలావాటికి ఎరుపు తిరిగిపోయింది, అవి ముందు చెయ్యాలి.

వచ్చే వారోత్సవాలు కూడా ఎప్పటిలాగే నవంబరు 14న మొదలవుతాయి. కార్యక్రమాల పట్టికలో వక్తృత్వానికీ, వ్యాసరచనకీ, ముగ్గులకీ ఒక్కో రోజు ఎలాగూ ఉంటుంది. ఫోటోలకి ఒక రోజు ఇమ్మని అన్ని జిల్లాల గ్రంథాలయ సంస్థల కార్యదర్శులకీ మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. ఏ ఊళ్లో ఏ రోజన్నది మీరు జిల్లా పేజీలో వేస్తే జనం వస్తారు. అమలాపురం చుట్టుపక్కల ఎక్కడైనా రాసుకునే మనిషి దొరక్కపోతే నాకు కబురు చెయ్యమనండి. బస్సు ఛార్జీ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
విశ్రాంత గ్రంథపాలకుడు,
అమలాపురం