డిస్టిలరీకి ఖాయం ధర, రైతుకు మాత్రం మోండా ధరనా?

సంపాదకులకు నమస్కారం.

మక్కలు, బియ్యం లాంటివాటి నుంచి తీసే ఇథనాల్‌ను పెట్రోల్‌లో 20 శాతం కలపడం 2030కి అనుకుంటే 2025లోనే సాధించామని, రైతులకు మంచి రోజులొచ్చాయని వార్తలు చదువుతున్నాం. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా. మహారాష్ట్రలో ఉన్నా ఇంట్లో తెలుగే, మీ పేపర్ చదివేవాళ్లం చాలామందిమి ఉన్నాం. ఇక్కడ ఖరీఫ్ అంటే సోయానే, పక్కన కంది, పత్తి. ఇథనాల్ వల్ల మాలాంటి రెండు మూడు ఎకరాల వాళ్లకు ఏం జరుగుతోందో ఎవరూ రాయట్లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

టన్ను మక్కలకు దాదాపు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది, అంటే క్వింటాలుకు 38 లీటర్లు. దాన్ని ఆయిల్ కంపెనీలు కొనే ధర లీటరుకు 71 రూపాయల 86 పైసలని ప్రభుత్వమే నిర్ణయించింది. ఇథనాల్ తీసే డిస్టిలరీ వాళ్లకు ఎంత వస్తుందో ముందే తెలుసు. మక్కలకూ 2025-26కి 2,400 మద్దతు ధర ప్రకటించారు గానీ ప్రైవేటు వ్యాపారి ఆ ధరకే కొనాలన్న చట్టం ఎక్కడుంది? మోండాకు (మార్కెట్ యార్డును ఇక్కడ అలాగే అంటాం) తీసుకెళ్తే గుప్పెడు గింజలు చేతిలో నలిపి తేమ ఉందంటాడు, అక్కడే ధర దిగిపోతుంది. పైగా అదే ప్రభుత్వం 2025లో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) బియ్యాన్ని క్వింటాలు 2,250కే డిస్టిలరీలకు ఇచ్చింది. అంత చవగ్గా బియ్యం దొరుకుతుంటే మా మక్కలకు పోటీపడి ధర ఎవరు పెడతారు?

మక్కలు వేయని రైతుకూ దెబ్బే. ఇథనాల్ తీశాక మిగిలే పిప్పిని ఎండబెట్టి కోళ్లకు, పశువులకు దాణాగా అమ్ముతున్నారు, అది సోయా చెక్క కంటే చవక. సోయాలో నూనె 18 శాతమే, మిగిలిందంతా చెక్కే కాబట్టి చెక్కకు గిరాకీ తగ్గితే గింజకు ధర ఎక్కడిది? బయటి దేశాల నూనె కూడా ఒక కారణమే, కాదనను, కానీ ఈ పిప్పి సంగతి మా రైతుల్లో చాలామందికి అసలు తెలియదు. 2025-26కి క్వింటాలు సోయాకు 5,328 మద్దతు ధర అన్నారు, అప్పులోళ్ల టెన్షన్‌లో వచ్చిన ధరకే అమ్ముకునేది మేము.

సోయా గిట్టుబాటు కాక కొందరు మక్కలకు మారుతున్నారు, వాళ్లను తప్పుపట్టను. కానీ చేను ఏమవుతుందో చూడండి. కలుపు చావడానికి అట్రజిన్ మందు కొడితే సాళ్ల మధ్య కంది మొలకలు మాడిపోతాయి, అంటే ఇంటి పప్పు పోయినట్టే. సోయా, కంది భూమికి ఎంతో కొంత నత్రజని ఇచ్చే పంటలు, మక్కలేమో బస్తాల మీద బస్తాలు యూరియా తింటాయి. 2018లో దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు మొవ్వులో దూరి కూర్చుంటుంది, దానికి మళ్లీ మందులు. యాసంగిలో వేస్తే ఆ నీళ్లన్నీ బోరు నుంచే రావాలి. జొన్న ఉన్నప్పుడు తిండికి గింజ, ఎడ్లకు చొప్ప రెండూ వచ్చేవి, ఇప్పుడు చొప్ప కూడా కొంటున్నాం.

ఫ్యాక్టరీల సంగతికొస్తే, మాకు దగ్గర్లోనే నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం రోడ్డెక్కితే గానీ ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు ఆగలేదు. ఎన్ని నీళ్లు తోడుతారు, వ్యర్థాలు ఎక్కడ వదులుతారు అన్నది గ్రామసభలో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకుంటే ఆ గొడవ ఎందుకయ్యేది?

ఇథనాల్ వద్దని నేను అనట్లేదు. ఆయిల్ కంపెనీలకు అమ్ముకునే ప్రతి డిస్టిలరీ మక్కలను మద్దతు ధరకే కొన్నట్టు రసీదు చూపాలని నిబంధన పెట్టండి, రసీదు లేకపోతే ఆ లీటర్లకు ప్రభుత్వ ధర ఇవ్వకండి. సోయా కొనుగోలు కేంద్రాలు దీపావళి తర్వాత కాదు, పంట ఇంటికొచ్చే నాటికే తెరవాలి. మా ఎమ్మెల్యే, ఎంపీ ఈ రెండూ అడుగుతారో లేదో చూస్తాం.

ఒక సన్నకారు రైతు,
ధర్మాబాద్ తాలూకా, నాందేడ్ జిల్లా