శనివారం బాల్డర్స్ గేట్ టేబుళ్ళు: జట్లు ఎందుకు విడిపోయాయి, ఇకపై ఎలా కూర్చోబెడతాను

అందరికీ నమస్కారం.

కాకినాడలో మన గేమింగ్ షాపు తెలిసినవాళ్ళకు శనివారం టేబుళ్ళ సంగతీ తెలుసు. జూన్ నుంచి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ గేమ్ ఆడిస్తున్నాను. టేబుల్‌కు నలుగురు చొప్పున మూడు టేబుళ్ళు, నాలుగు శనివారాలకు మనిషికి 800 రూపాయలు. ఆ మూడింటిలో రెండు టేబుళ్ళు రెండు నెలలు కూడా నిలవలేదు. ఏమైందని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే కంటే ఉన్నదున్నట్టు అందరికీ ఒకేసారి చెప్పడం మంచిదనిపించింది. ఆ జట్లను కూర్చింది నేనే. పొరపాటు ఆ కూర్చడంలోనే జరిగింది.

ఆట తెలియనివాళ్ళకు నాలుగు మాటలు చెప్తాను. దీన్ని బెల్జియంలోని గెంట్ నగరానికి చెందిన లారియన్ స్టూడియోస్ చేసింది. 2023 ఆగస్టులో పూర్తిగా విడుదలై, ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్‌గా నిలిచింది. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే, బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు వేసి ఆడే ఆట ఐదో ఎడిషన్ నిబంధనల మీద నడుస్తుంది. ఎవరినైనా ఒప్పించాలన్నా, తాళం తీయాలన్నా తెర మీద ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది. మీ తలలో ఒక పురుగు దూరి ఉంటుంది, దాన్ని వదిలించుకునే దారి వెతకాలి. ఆ దారిలో షాడోహార్ట్, అస్టారియన్, లేజెల్, గేల్, విల్, కార్లాక్ లాంటివాళ్ళు తగులుతారు. ఒప్పిస్తే మీతో వస్తారు. అయితే జట్టులో ఒకసారికి నలుగురే ఉండాలి, మిగతావాళ్ళు శిబిరంలో ఆగిపోతారు.

జూన్‌లో పేర్లు రాసుకున్నప్పుడు నేను అందరినీ అడిగింది ఒక్కటే: ఏ క్లాస్, అంటే ఏ రకం పాత్ర, ఆడతారు? ముందుండి దెబ్బలు కాసేందుకు ఒక ఫైటర్, వైద్యానికి ఒక క్లెరిక్, తాళాలకు ఒక రోగ్, మంత్రాలకు ఒక విజార్డ్. ఈ లెక్కతో పన్నెండు మందినీ మూడు టేబుళ్ళకు సర్దేశాను. కాగితం మీద ముచ్చటగా కనిపించింది. రెండో టేబుల్‌కు క్లెరిక్ దొరకలేదు. ఇంజనీరింగ్ రెండో ఏడాది చదివే ఒక అబ్బాయి బార్డ్ ఆడాలని ఎంతో ఇష్టంగా వచ్చాడు. వీణ లాంటి వాయిద్యం పట్టుకుని మాటలతో పని జరిపించుకునే పాత్ర అది. హీలర్ లేకపోతే ఎలా బాబూ, ఈసారికి సర్దుకో అని నేనే పట్టుబట్టి క్లెరిక్‌ని చేశాను. మూడు వారాలు వచ్చాడు. నాలుగో వారం నుంచి రాలేదు.

నిజానికి అంత పట్టుబట్టాల్సిన పనే లేదు, అది నాకు తెలిసి ఉండాల్సింది. ఈ ఆటలో మందు సీసాను నేల మీద విసిరినా పక్కనున్నవాళ్ళ గాయాలు మానతాయి. మొదట్లోనే దొరికే షాడోహార్ట్ క్లెరిక్. అన్నిటికన్నా ముఖ్యం, విథర్స్ అనే ఎండిపోయిన ముసలాయన సముద్రం ఒడ్డు దగ్గరి పాత సమాధుల్లో ఉంటాడు. ఆయన్ను అక్కడ చూడకుండా దాటిపోయినా తర్వాత తనే శిబిరానికి వచ్చేస్తాడు. ఆయనకు 100 బంగారు నాణేలిస్తే ఎవరి క్లాస్‌నైనా మార్చేస్తాడు. ఇంకో 100 ఇస్తే అద్దెకు ఒక యోధుణ్ణి కూడా ఇస్తాడు. అంటే జట్టులో ఏ లోటున్నా పూడ్చే దారి ఆటలోనే ఉంది. ఆ అబ్బాయి శనివారం సాయంత్రాల సరదాను నేను అనవసరంగా తీసేశాను.

రెండో తప్పు నాకు కళ్ళారా కనిపించిన రోజు బాగా గుర్తుంది. మూడో టేబుల్ వాళ్ళు దారిలో మెరుస్తున్న ఒక రాయి దగ్గరికి వచ్చారు. రాతి మధ్యలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊగుతోంది, లోపల్నుంచి సాయం అడుగుతున్నారు. లాగొచ్చు, కావాలంటే ఆ చేతి మీద ఒక్కటి కొట్టొచ్చు కూడా. మౌస్ పట్టుకున్న అమ్మాయి లాగుతానంది. పాచిక దొర్లుతుంటే పక్క సిస్టమ్‌ల మీద వేరే ఆటలు ఆడుతున్నవాళ్ళు కూడా హెడ్‌ఫోన్స్ తీసి వెనక నిలబడ్డారు. పదిహేడు పడింది. గేల్ బయటపడి, దుమ్ము దులుపుకుని, మీతో వస్తానన్నాడు. షాపంతా చప్పట్లు. ఆ వెంటనే అతను శిబిరానికి వెళ్ళిపోయాడు, ఎందుకంటే నాలుగు చోట్లూ మన నలుగురితో నిండిపోయి ఉన్నాయి. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "శిబిరానికి పంపేయడానికేనా అన్నయ్యా ఇంత కష్టపడి లాగింది?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఈ ఆట ప్రాణమంతా ఆ సహచరుల్లోనే ఉందని నా గట్టి నమ్మకం. ఎవరికి సాయం చేస్తే కార్లాక్ మొహం వెలుగుతుందో, అదే పనికి అస్టారియన్ ఎందుకు విసుక్కుంటాడో చూస్తూ నడవాలి. విల్, కార్లాక్ ఎదురుపడే ఘట్టం ఒకటుంది. చూడనివాళ్ళ కోసం వివరం చెప్పను గానీ, ఆ సమయానికి విల్ మీ వెంట ఉంటే ఆ దృశ్యం బరువే వేరు. నలుగురు మనుషులు నాలుగు సొంత పాత్రలతో కూర్చుంటే వీళ్ళెవరూ బయటికి రాలేరు. రాత్రి శిబిరంలో రెండు మాటలు మాట్లాడి పడుకోవడమే. అలా కూర్చోబెట్టి మీ దగ్గర నెలకు 800 తీసుకున్నాను. ఆటలో సగం చూపించలేదన్న బాధ నాకుంది.

మూడోది సమయం. ఆట చివరి దాకా చూడాలంటే తేలిగ్గా 100 గంటలు పడుతుంది. వారానికి మూడు గంటల లెక్కన 33 వారాలు దాటుతుంది. మధ్యలో సెమిస్టర్ పరీక్షలు, పండగలు, ఇంటర్వ్యూలు ఉంటాయి. ఇవేవీ ముందుగా మాట్లాడకుండా జట్లు కట్టాను. ఒక టేబుల్‌కు హోస్ట్‌గా, అంటే ఆటను తన ఖాతా మీద తెరిచే మనిషిగా, ఉన్నతను రెండు వారాలు రాలేదు. సేవ్, అంటే అప్పటిదాకా ఆడినది దాచిన ఫైలు, అతని ఖాతాలో ఉండిపోయింది. మిగతా ముగ్గురూ టీ తాగి కబుర్లు చెప్పుకుని వెళ్ళిపోయారు. అతని తప్పేమీ లేదు, ఇంట్లో పెళ్ళి.

కాబట్టి వచ్చే నెల నుంచి ఇద్దరి టేబుళ్ళు మాత్రమే పెడుతున్నాను. మీ పాత్రలు రెండు, ఆట ఇచ్చే సహచరులు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒక్కొక్కరిని ఒక్కొక్కరు నడిపిస్తారు. ముందే స్నేహితులై ముగ్గురు కలిసి వస్తే ముగ్గురినీ కూర్చోబెడతాను, అప్పుడూ ఒక సహచరుడికి చోటుంటుంది. క్లాస్ సంగతి ఇక అడగను. మీకు ఏ శనివారాలు కుదురుతాయి, మాటలన్నీ వింటూ నెమ్మదిగా ఆడతారా లేక గబగబా పోరాటాలకు వెళ్ళాలని ఉంటుందా, ఈ రెండే అడుగుతాను. మంచివాళ్ళయిన ఇద్దరు కూడా ఈ రెండో విషయంలో కుదరకపోతే పక్కపక్కన మూడు గంటలు కూర్చోలేరు, ఈ రెండు నెలల్లో చూశాను.

హోస్ట్ ఎప్పుడూ ఒకటో నంబర్ వరస సిస్టమ్‌లలో షాపు ఖాతా మీదే ఉంటుంది. ఎవరు రాకపోయినా సేవ్ తెరుచుకుంటుంది. మాట ఇచ్చేది మొదటి అంకం వరకే, అది అయ్యాక కొనసాగాలా వద్దా అన్నది మీ ఇష్టం. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఎనిమిదో ప్యాచ్‌తో (ఆటకు వచ్చిన అప్‌డేట్) పీసీ, ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ వాళ్ళు కలిసి ఆడొచ్చు. సెలవులకు ఊరెళ్ళినవాళ్ళు ఇంట్లో సొంత కాపీ ఉంటే అక్కడి నుంచే కలవండి, ఆ వారం డబ్బులు తీసుకోను. ఒకే సేవ్‌తో ఆడే ఆనర్ మోడ్‌ను మాత్రం కొత్తగా పరిచయమైన జంటలకు పెట్టను. ఒకరి చిన్న పొరపాటుకు ఇద్దరి నెలల కష్టం పోతే మళ్ళీ మొహాలు చూసుకోవడం కష్టమవుతుంది.

డబ్బు విషయం. పన్నెండు సీట్లకు నెలకు 9,600 వచ్చేది. ఇప్పుడు నాలుగు జంటలకే నేను దగ్గరుండి చూసుకోగలను, అంటే 6,400. మిగతా నాలుగు సిస్టమ్‌లు ఆ సాయంత్రం గంటల లెక్కన ఇస్తాను. సీటు ధర పెంచడం లేదు. విడిపోయిన రెండు టేబుళ్ళలో ఆడని వారాలకు వారానికి 200 చొప్పున వెనక్కి ఇస్తున్నాను. ఐదుగురు తీసుకున్నారు, ఇంకా ముగ్గురు రావాలి. మొహమాటపడకండి, కౌంటర్ దగ్గర మీ పేర్లతో కవర్లు ఉన్నాయి. ఫోన్‌కైనా వేయమంటే వేస్తాను.

చివరగా, మూడు వారాలు క్లెరిక్ ఆడిన తమ్ముడికి. మీ టేబుల్‌లో ఇద్దరు వచ్చే నెల కూడా ఆడతామన్నారు, మూడో కుర్చీ నీ కోసం ఉంచమన్నారు. వదిలి వెళ్ళినవాళ్ళ పాత్రలను దాచేయడానికి విథర్స్ దగ్గర ఒక అల్మారా ఉంటుంది. నీ పాత్రను అందులో పెట్టేద్దామా అని నేను అడిగితే ఇద్దరూ వద్దన్నారు. క్లాస్ మార్చుకోవడానికి 100 నాణేలు శిబిరం పెట్టెలో వేసి ఉంచారు. ఈ శనివారం ఆరింటికి నీ సీటు ఖాళీగా ఉంటుంది, బార్డ్‌గానే కూర్చో.